వాంతులు మానేశాకే బుగ్గలు ఎందుకు ఉబ్బాయి?

మీరు రాసిన దాంట్లో నాకు అర్థమైంది ఇదీ. మీ చెల్లెలికి ఇరవై ఏళ్లు, హనుమకొండలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఒక్కసారిగా బోలెడంత తినేయడం, వెంటనే బాత్రూంలోకి వెళ్లి కక్కేయడం ఏడాదిన్నరగా సాగుతోందని ఈ మధ్యే మీకు తెలిసింది. మీరు బతిమాలితే ఒప్పుకుని ఆరు రోజులుగా మానేసింది. మూడో రోజు నుంచి చెవుల కింద, రెండు వైపులా బుగ్గలు ఉబ్బడం మొదలైంది. గవదబిళ్లలనుకుని మీ అమ్మగారు పసుపు, సున్నం కలిపి పట్టు వేశారు. ఆ పిల్లేమో "మానేసినందుకే మొహం ఇంత లావైంది, మళ్లీ మొదలుపెడతా" అని అద్దం ముందు కూర్చుని ఏడుస్తోంది.

చేత్తో పట్టి చూడకుండా ఖాయంగా చెప్పకూడదు గానీ, మీరు చెప్పిన వరసను బట్టి అది కొవ్వు కాదు. మూడు రోజుల్లో ఎవరి బుగ్గల్లోనూ అంత కొవ్వు చేరదు. అది లాలాజల గ్రంథుల వాపు, దానికి తోడు ఒంట్లో నిలిచిన నీరు. మానేసిన మూడు నాలుగు రోజులకు బయటపడటమే ఈ వాపు తీరు. ఆ పిల్ల ఏదో తప్పు చేస్తే వచ్చింది కాదు, మంచిపని చేస్తే బయటికొచ్చింది. ఈ ఒక్క సంగతి ఆమెకు ఈ రాత్రే చెప్పండి, మిగతాది నిదానంగా చదవండి.

నేను మానసిక వైద్యురాలిని కాను. హనుమకొండలో ఇరవై రెండేళ్లుగా క్లినిక్ పెట్టుకున్న పళ్ల డాక్టర్ని. తినేసి కక్కేసే ఈ జబ్బు పేరు బులీమియా. దాని గురించి పళ్ల డాక్టరమ్మకేం తెలుసు అనుకుంటారేమో. ఈ జబ్బున్న పిల్లలు సైకియాట్రిస్టు గడప తొక్కడానికి ఏళ్లు పడుతుంది. పన్ను జివ్వుమంటే మాత్రం వారంలో మా దగ్గరికొస్తారు.

తెలిసింది కూడా ఊరికే కాదు, ఒకసారి ఘోరంగా తప్పి నేర్చుకున్నాను. పద్నాలుగేళ్ల కిందట పరకాల వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చేది. చల్లనీళ్లు తాగితే పై పళ్లు జివ్వుమంటున్నాయని. చిన్న అద్దం పెట్టి ముందు పళ్ల వెనకవైపు చూస్తే గాజులా నున్నగా ఉన్నాయి. అంచులు ఎంత పలచబడ్డాయంటే లైటు వేస్తే వెలుతురు ఇవతలికి కనిపిస్తోంది. దవడ పంటికి చిన్నప్పుడు పెట్టించుకున్న సిల్వర్ ఫిల్లింగ్ చుట్టూ పన్ను అరిగిపోయి, ఫిల్లింగ్ మాత్రం ఎండిన చెరువులో బండలా పైకి నిలబడి ఉంది. పులుపు బాగా తింటావా అని అడిగాను. "పచ్చిపులుసు లేంది ముద్ద దిగది మేడం" అంది. నమ్మేశాను. పులుపు తింటే పళ్ల ముందువైపు కూడా అరగాలి కదా, ఈమెకు నాలుకవైపే ఎందుకు అరిగిందని ఆలోచించలేదు. కడుపులోంచి ఆమ్లం పైకి వస్తేనే అలా అరుగుతుంది. గ్యాస్ పైకి తన్నే జబ్బులోనూ ఇలాగే అవుతుంది, కానీ ఆ మాటైనా అడగలేదు. మూడుసార్లు పూత వేసి పంపాను.

నాలుగోసారి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. బుగ్గలు రెండూ నిండుగా ఉన్నాయి. "మంచిగ ఒళ్లు చేసినవ్ బిడ్డా" అన్నాను, మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను. ఆ పిల్ల మొహం మాడిపోయింది. మళ్లీ రాలేదు. ఏడాది తర్వాత ఫిజీషియన్‌గా పనిచేసే నా స్నేహితురాలు ఇంకెవరో పేషెంటు గురించి చెబుతూ "బుగ్గలు, పళ్లు, వేళ్ల కణుపుల మీద మచ్చలు, మూడూ కలిపి చూడాలి" అన్నప్పుడు గానీ నాకు తట్టలేదు. కక్కేటప్పుడు వేళ్లు పళ్లకు గీసుకుని పడే ఆ మచ్చలకు, ఈ జబ్బును మొదట వివరించిన డాక్టరు పేరే ఉంది. 1979లో లండన్‌లో జెరాల్డ్ రసెల్ అనే సైకియాట్రిస్టు ఈ జబ్బుకు బులీమియా నెర్వోసా అని పేరు పెట్టి వివరంగా రాశాడు. గ్రీకులో బులీమియా అంటే ఎద్దు ఆకలి. నలభై అయిదేళ్లు దాటిన సంగతి, నా చేతికి అందేసరికి ఒక పిల్ల చేజారింది.

ఇక మీ చెల్లెలి బుగ్గల సంగతి. పచ్చి మామిడికాయ ముక్కకు ఉప్పూ కారం అద్దడం తలుచుకోండి. చెవి కింద జిల్లుమంటుందే, అదే పరోటిడ్ గ్రంథి. చెవి ముందు నుంచి దవడ మూల దాకా పరుచుకుని ఉంటుంది. దాని గొట్టం బుగ్గ లోపల, పైన రెండో దవడ పన్నుకు ఎదురుగా తెరుచుకుంటుంది. నాలుకతో తడిమితే చిన్న బొడిపెలా తగులుతుంది. వాంతి వచ్చే ముందు నోరంతా నీళ్లూరుతుంది కదా. రోజుకు ఒకటి రెండుసార్లు, ఏడాదిన్నర పాటు ఆ గ్రంథిని అలా పరుగెత్తిస్తే దాని కణాలు ఉబ్బి గ్రంథే పెద్దదవుతుంది. హఠాత్తుగా వాంతులు ఆగాయి. గ్రంథి మాత్రం పాత లెక్కలోనే ఊట తయారుచేస్తూ ఉంటుంది, బయటికి పోవలసినంత పోదు. అందుకే మానేశాక వాపు ఇంకా పెరిగినట్టు కనిపిస్తుందని వైద్యులు చెబుతారు.

ఇది గవదబిళ్లలా కాదా అన్నది ఇంట్లోనే కొంతవరకు తెలుస్తుంది. గవదబిళ్లలైతే జ్వరం, ఒళ్లు నొప్పులు ఉంటాయి, నమలాలంటే ప్రాణం పోతుంది, ముట్టుకుంటే నొప్పి. చాలాసార్లు ఒకవైపు మొదలై రెండో వైపుకు వెళ్తుంది. పది రోజుల్లో దానంతటదే పోతుంది. మీ చెల్లెలిది రెండు వైపులా ఒకేలా ఉంది, జ్వరం లేదు, నొప్పి పెద్దగా లేదని రాశారు. ఎదురుగా నిలబడి చూడండి. చెవితమ్మెలు కాస్త పైకి, బయటికి నెట్టినట్టుంటాయి, దవడ మూల కోణం మాయమై మొహం కింద వెడల్పుగా కనిపిస్తుంది. కొవ్వైతే ఆ చోటే పట్టి ఉబ్బదు. ఒకవైపే ఉబ్బి, ఎర్రబడి, వేడిగా ఉంటే, నోట్లో చీము రుచి తగిలితే అది వేరే కథ. పంటి వేరు దగ్గర చీమో, గ్రంథికి ఇన్‌ఫెక్షనో అయి ఉండొచ్చు, వెంటనే చూపించాలి. తినేటప్పుడు మాత్రమే ఉబ్బి తర్వాత తగ్గిపోతుంటే గొట్టంలో రాయి ఉందేమో చూడాలి. పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బి, మూత్రం నురగగా వస్తుంటే కిడ్నీల పరీక్ష చేయించాలి. థైరాయిడ్, షుగర్ కూడా ఒకసారి చూసుకోవడం మంచిదే. పసుపు సున్నం పట్టు మాత్రం తీసేయండి, సున్నానికి చర్మం కాలుతుంది. మీ అమ్మగారిని ఏమీ అనకండి, ఆవిడకు తెలిసిన వాపు అదొక్కటే.

ఇప్పుడు అసలు భయపడాల్సిన విషయం. ఇలాంటి వాపు చూడగానే మన దగ్గర జరిగేది ఏమిటి? వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకుపోతాం. "నీరసంగుంది, ఒక బాటిల్ ఎక్కిద్దాం" అంటాడు. లేదంటే "నీరు పట్టింది" అని నీరు తీసే మాత్ర ఇస్తాడు. ఈ రెండూ మీ చెల్లెలికి చేయించొద్దు.

ఎందుకో చెబుతాను. వాంతుల వల్ల ఒంట్లో నీరూ ఉప్పూ పోతూ ఉంటాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి అడ్రినల్ గ్రంథులు ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదులుతాయి. దాని పని ఒకటే, ఉప్పును, నీటిని పట్టి ఉంచి పొటాషియంను మూత్రంలో పంపేయడం. వాంతులు ఆగిన రోజే ఆ హార్మోన్ ఆగిపోదు. రెండు మూడు వారాలు అలాగే పొంగుతూ ఉంటుంది. తాగిన నీరు, తిన్న ఉప్పు పోవడానికి దారి లేక మొహంలో, పాదాల్లో నిలుస్తాయి. డాక్టర్లు దీన్ని సూడో బార్టర్ సిండ్రోమ్ అంటారు. అలాంటి ఒంట్లోకి సెలైన్ గబగబా ఎక్కిస్తే ఒక్క రాత్రిలో కాళ్లు, మొహం ఇంకా ఉబ్బిపోతాయి. నీరు తీసే మాత్ర వేస్తే అసలే తక్కువున్న పొటాషియం ఇంకా పడిపోతుంది. పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. బాగా పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఆరోగ్యంగా కనిపిస్తున్న ఇరవై ఏళ్ల పిల్లకు కూడా. అవసరమనుకుంటే ఫిజీషియన్ ఆ హార్మోన్‌ను అడ్డుకునే స్పైరోనోలాక్టోన్‌ను తక్కువ మోతాదులో కొన్నాళ్లు ఇస్తారు, అది రక్తపరీక్ష చూసి ఆయన తేల్చాల్సిన పని.

కాబట్టి రేపు ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. వెళ్లినప్పుడు వాంతుల సంగతి దాచకండి. దాస్తే డాక్టరు వేరే దారిలో వెళ్తారు. ఒక ఉదాహరణ. రక్తంలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఎక్కువ వస్తే క్లోమం వాచిందేమోనని కంగారుపడతారు. లాలాజల గ్రంథి ఉబ్బినా అదే ఎంజైమ్ పెరుగుతుంది. లైపేజ్ కూడా చూస్తే తేడా తెలిసిపోతుంది, అది మామూలుగా ఉంటే అమైలేజ్ నోటి నుంచి వచ్చినట్టే. అసలు సంగతి తెలియకపోతే అనవసరంగా స్కానింగుల చుట్టూ తిరుగుతారు. సోడియం, పొటాషియం, క్లోరైడ్, బైకార్బొనేట్, క్రియాటినిన్, మెగ్నీషియం, షుగర్, ఒక ఈసీజీ. ఈ పరీక్షలకు పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు. గుండె దడదడ, కళ్లు తిరిగి పడిపోవడం, కాళ్లలో బలం లేకపోవడం, తిమ్మిర్లు, వాంతిలో నెత్తురు, ఛాతీలో బాగా నొప్పి, వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. విరేచనాల మాత్రలు కూడా వాడుతుండేదేమో మెల్లగా అడిగి తెలుసుకోండి, అది కూడా డాక్టరుకు చెప్పాలి.

ఇంట్లో చేసుకోగలిగింది కాపడం. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి పిండి, చెవి కింద పది నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. ఊట కదలడానికి పుల్లటి చాక్లెట్ చప్పరించమని చాలామంది డాక్టర్లు చెబుతారు. పళ్ల డాక్టర్‌గా నాకు అక్కడ చిన్న పేచీ ఉంది. ఏడాదిన్నర ఆమ్లంలో నానిన పళ్లవి, నిమ్మచెక్క చప్పరిస్తే పళ్ల మీద మిగిలిన పింగాణీ పొర కూడా పోతుంది. చక్కెర లేని చప్పరింపు బిళ్ల అయితే పర్వాలేదు, అదీ నాలుగైదుకు మించొద్దు. నొప్పికి పారాసిటమాల్ చాలు. నీళ్లు కొంచెం కొంచెంగా రోజంతా తాగాలి. పచ్చళ్లు, మిక్చర్లు, చిప్సు కొన్నాళ్లు తగ్గిస్తే నీరు నిలవడం కొంత తగ్గుతుంది. పడుకునేటప్పుడు తల కింద రెండు దిండ్లు పెట్టండి. రోజుకు పదిసార్లు ఆ బుగ్గలు నొక్కి చూసుకోవడం మాత్రం మాన్పించండి, నొక్కిన కొద్దీ ఇంకా నొస్తాయి.

ఎన్నాళ్లకు తగ్గుతుందని అడిగారు. నీరు రెండు మూడు వారాల్లో దిగుతుంది. గ్రంథి చాలామందిలో కొన్ని వారాల్లో మెత్తబడి తగ్గుతుంది, ఏళ్ల తరబడి సాగినవాళ్లలో నెలలు కూడా పడుతుంది. మధ్యలో మళ్లీ వాంతులు చేసుకుంటే ఇంకా ఆలస్యం కావచ్చు. అలా జరగదని నేను చెప్పను, చాలామందికి జరుగుతుంది. జరిగినప్పుడు తిట్టకండి. ఆ పూట నోరు మంచినీళ్లతో, వీలైతే గ్లాసు నీళ్లలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించమనండి. వెంటనే బ్రష్ చేయొద్దు, ఆమ్లంతో మెత్తబడిన పన్ను బ్రష్‌కే అరిగిపోతుంది. కనీసం అరగంట ఆగాలి, గంటైతే మేలు.

ఇంట్లోవాళ్ల నోటి గురించి కూడా రాయాలి, ఎందుకంటే ఈ జబ్బులో సగం గాయాలు అక్కడే తగులుతాయి. మన వైపు పండక్కి ఇంటికొచ్చిన పిల్లను చూసి మొదట అనే మాట "సన్నవడ్డవ్" లేదా "ఒళ్లు చేసినవ్". రెండూ ప్రేమే. బుగ్గలు నిండితే ఆరోగ్యమని మన పెద్దవాళ్ల లెక్క. ఈ పిల్లకు మాత్రం ఆ మాట ఒక తీర్పులా వినిపిస్తుంది. బతుకమ్మకు చుట్టాలు వస్తారు, మేనత్త ఒకావిడ బుగ్గ గిల్లి అననే అంటుంది. ముందే ఆవిడకు ఫోన్ చేసి "చెల్లెకు గ్రంథులు వాచినయ్, మందులు వాడుతున్నం, మొహం గురించి ఏం అనకు అత్తమ్మా" అని చెప్పండి. అబద్ధం కాదు. జబ్బు పేరు అందరికీ చెప్పాల్సిన పని లేదు. మీరు కూడా "వాపు తగ్గింది, సన్నగా కనిపిస్తున్నావ్" అని మెచ్చుకోవద్దు, అది కూడా అదే తూకం.

తిండి విషయంలో ఒక్కటే. పొద్దున ఏమీ తినకుండా మధ్యాహ్నం దాకా కడుపు మాడ్చుకునే పిల్ల రాత్రికి గిన్నె ఊడ్చేస్తుంది, తర్వాత బాత్రూంకి పరుగెడుతుంది. ఆ చక్రం తెగేది ఆకలిని పెరగనివ్వకపోతేనే. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు ఏదైనా, మూడు గంటలకు మించి ఖాళీ లేకుండా. పొద్దున ఇడ్లీ, పదకొండుకు అరటిపండు, మధ్యాహ్నం అన్నం పప్పు, సాయంత్రం శెనగ గుడాలు లేదా మక్క కంకి, రాత్రి మళ్లీ అన్నమో రొట్టెనో. ఇంత మామూలు సంగతే చికిత్సలో మొదటి మెట్టు. తిన్నాక గంటసేపు ఎవరైనా పక్కన ఉండి కబుర్లు చెబితే చాలు. బాత్రూం తలుపు దగ్గర కాపలా కాయకండి, దొంగను పట్టుకున్నట్టుంటుంది.

ఈ వాపు నయం కావడం వేరు, జబ్బు నయం కావడం వేరు. రెండోదానికి సైకియాట్రిస్టు, సైకాలజిస్టు కావాలి. దీనికి బాగా పనిచేసేది సీబీటీ అనే మాటల చికిత్స, అయిదు నెలల్లో ఇరవై దాకా సెషన్లు ఉంటాయి. మందుల్లో ఫ్లూఆక్సెటిన్ ఇస్తారు. డిప్రెషన్‌కు సాధారణంగా 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టే ఆ మందు దీనికి 60 దాకా వెళ్తుంది. చీటీ మీద ఆ అంకె చూసి మీరే తగ్గించేయకండి. ఇరవై అయిదేళ్ల లోపు పిల్లలకు మొదటి వారాల్లో మనసు ఇంకా దిగజారినట్టు కనిపిస్తే, చచ్చిపోవాలనే మాట వస్తే, అదే రోజు డాక్టరుకు చెప్పాలి. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగం ఉంది, పొద్దున్నే వెళ్తే ఓపీలో చూపించుకోవచ్చు. మీ అమ్మగారికి ఆ బోర్డు చూస్తేనే టెన్షన్ వస్తుందనుకుంటే ముందు 14416కి ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్. పగలూ రాత్రీ ఉంటుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. హాస్టల్ టెర్రస్ మీద నుంచైనా మీ చెల్లెలే చేసుకోవచ్చు.

పళ్ల సంగతి చివరికి పెట్టాను, అది ఆగగలదు కాబట్టి. నెల తర్వాత ఎవరైనా పళ్ల డాక్టర్‌కు చూపించండి. వాంతులు పూర్తిగా ఆగకముందే క్యాప్‌లు వేద్దామంటే ఒప్పుకోకండి, కింద ఉన్న పన్ను ఇంకా అరుగుతూనే ఉంటే క్యాప్ నిలవదు, డబ్బు దండగ. అప్పటిదాకా ఫ్లోరైడ్ పేస్టు, మెత్తటి బ్రష్.

ఆ పరకాల పిల్ల ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. ఆ తర్వాత నుంచి పళ్లు అలా అరిగి వచ్చిన పిల్లలుంటే వెంట వచ్చినవాళ్లను "బయట టీ తాగి రండి" అని పంపి, కుర్చీ నిటారుగా లేపి కూర్చోబెట్టి, మొహం వైపు చూడకుండా చేతి గ్లౌజులు విప్పుకుంటూ అడుగుతాను: "తిన్నాక కక్కుకుంటున్నావా బిడ్డా? చాలామంది పిల్లలు చేస్తరు. నేను కోప్పడ." ఎక్కువమంది వెంటనే జవాబు చెప్పరు. ట్రేలోని దూదిని చూస్తూ ఉంటారు. నేను ఆగుతాను. మీరూ మీ చెల్లెలిని అడిగేటప్పుడు ఆ కాస్సేపు ఆగండి. రేపటి రిపోర్టులో పొటాషియం ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి, 3.5 కంటే తక్కువుంటే మాత్రం నాకు రాసేకంటే ముందు డాక్టరుకు ఫోన్ చేయండి.